కంటికి అతికించిన పరాయి పొర ఏల నిలుచును?

నల్లగ్రుడ్డును కప్పియుండు పారదర్శకమగు పొరయే కార్నియా. ఇతరుల చర్మమును మనకు అతికించినచో రక్తమందలి తెల్లకణములు దానిని పరాయిదిగా గుర్తించి నశింపజేయును. కాని 1905లో ఎడ్వర్డ్ జిర్మ్ అను నేత్రవైద్యుడు ఒకరి కార్నియాను మరియొకరికి అమర్చగా, అది ఒక కంట నిలిచి చూపునిచ్చెను. కారణమేమనగా, ఆరోగ్యవంతమగు కార్నియాలో రక్తనాళములుండవు; తెల్లకణములకు దారి సులభముగా దొరకదు. చొరబడిన వానిని కంటిలోని ఒక మాంసకృత్తు నశింపజేయును. కంటి ద్రవము వాని తీవ్రతను అణచును.

అయినను ఈ రక్షణ సంపూర్ణము కాదు. వాపు వలనగాని, కుట్లు వదులగుట వలనగాని రక్తనాళములు లోనికి పెరిగినచో అది సడలును. కావున శస్త్రచికిత్స జరిగి ఏండ్లు గడచినను, కన్ను ఎఱ్ఱబారుట, నొప్పి, వెలుతురు సహింపలేకుండుట, చూపు మసకబారుట, వీనిలో ఏది కనిపించినను ఆనాడే నేత్రవైద్యుని చూడవలెను. సకాలమున చికిత్స జరిగినచో పొర చాలవరకు దక్కును. వైద్యుడు చెప్పనిదే మందుచుక్కలు మానరాదు.