అడవి చదువులు: ఎకరం అమ్మకుండా చదివే దారులు

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచే మన పల్లెల్లో ఫోన్లు మోగడం మొదలవుతుంది. "మీ అబ్బాయికి సీటు ఖాయం చేశాం, ముందు కొంత కట్టి ఉంచండి" అంటారు అవతలివాళ్లు. బైపీసీ చదివిన పిల్లలున్న ఇళ్లకు ఈ బెడద మరీ ఎక్కువ. డాక్టరు సీటు రాదని తేలిపోయాక అగ్రికల్చర్ అనీ, ఫారెస్ట్రీ అనీ, ఎన్విరాన్‌మెంట్ అనీ రకరకాల పేర్లు చెప్పి లక్షల్లో అడుగుతారు. రెండెకరాల మెట్ట ఉన్న రైతు ఎకరం బేరం పెడతాడు. నాలుగేళ్ల తర్వాత పిల్లవాడి చేతికి పట్టా వస్తుంది, ఇంట్లో పాస్ పుస్తకంలో మాత్రం ఒక ఎకరం తగ్గిపోతుంది.

అడవిని, నేలను, నీటిని కాపాడే కొలువుల మీద ఆశ ఉన్న పిల్లలకు ఈ నష్టం అక్కర్లేదు. ఈ కొలువులకు అడిగే చదువుల్లో చాలావరకు సర్కారు కాలేజీల్లోనే ఉన్నాయి. నల్లమల అంచున ఉన్న అచ్చంపేట, అమ్రాబాద్ పిల్లలకైనా, వలసలు చూసిన మక్తల్, నారాయణపేట పిల్లలకైనా ఇవి అందేవే. ఏ దారిలో వెళితే ఖర్చెంత, దేనికి ఏ పరీక్ష రాయాలి అన్న లెక్క తెలియకనే మోసపోతున్నారు.

ముందుగా పేరున్న చదువు సంగతి. నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ ఫారెస్ట్రీకి మన రాష్ట్రంలో ప్రభుత్వ కాలేజీ ఉంది. అటవీ కళాశాల, పరిశోధన సంస్థ పేరుతో 2016లో మొదలైంది. మొదట హైదరాబాద్ శివారు దూలపల్లిలో నడిచి, 2019లో సిద్దిపేట జిల్లా ములుగులోని సొంత ఆవరణకు మారింది. ఇక్కడొక మాట. ములుగు అని టికెట్ అడిగితే వరంగల్ అవతల ఉన్న ములుగుకు వెళ్లే బస్సు ఎక్కించేవాళ్లూ ఉంటారు. అది వేరే జిల్లా. కాలేజీ ఉన్నది గజ్వేల్ దగ్గర, రాజీవ్ రహదారి మీద. సర్టిఫికెట్లు పట్టుకుని కౌన్సెలింగ్‌కు బయల్దేరేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఈ కాలేజీలో ఈఏపీసెట్ ర్యాంకును బట్టి సీటు ఇస్తారు. నర్సరీ పెంపకం, చెట్ల కొలతలు, అడవి పునరుద్ధరణ, వన్యప్రాణుల నిర్వహణ, నేల కోత నివారణ, అటవీ చట్టాలు నేర్పుతారు. పిల్లలను అడవిలో తిప్పి చూపిస్తారు. చదువు మంచిదే. చిక్కల్లా సీట్లు తక్కువ కావడం. రాష్ట్రం మొత్తానికి ఇదొక్కటే సర్కారు ఫారెస్ట్రీ కాలేజీ కాబట్టి దీని మీదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దు.

పొరుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి కాలేజీలు పాతవి, పేరున్నవి ఉన్నాయి. తమిళనాడులో మేట్టుపాళయం, కర్ణాటకలో శిరసి, పొన్నంపేట, కేరళలో త్రిశూర్ దగ్గర వెల్లానిక్కర ఇలాంటివే. ఇవన్నీ వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల కింద నడుస్తాయి. వీటిలో కొన్ని సీట్లను భారత వ్యవసాయ పరిశోధన మండలి, అంటే ఐసీఏఆర్, దేశమంతటి పిల్లలకు కేటాయిస్తుంది. 2023 నుంచి ఆ సీట్లకు సీయూఈటీ పరీక్ష రాయాలి. సొంత రాష్ట్రం వదిలి అలా చేరినవారికి ఐసీఏఆర్ నుంచి నెలనెలా స్కాలర్‌షిప్ వచ్చే ఏర్పాటు కూడా ఉంది. భాష రాదని భయపడేవారు ఉంటారు. పాఠాలు ఇంగ్లీషులోనే చెబుతారు కనుక మేట్టుపాళయమైనా ములుగైనా పిల్లవాడు పడాల్సిన కష్టం ఒకటే.

ఎంపీసీ చదివినవాళ్లకు మరో దారి ఉంది. సంగారెడ్డి దగ్గర కందిలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. అక్కడి బీటెక్ అగ్రికల్చరల్ ఇంజనీరింగ్‌లో నేల, నీటి సంరక్షణ ఒక ముఖ్యమైన విభాగం. చెక్‌డ్యాం ఎక్కడ కట్టాలి, గట్టు ఎంత ఎత్తు వేయాలి, వాన నీరు ఎటు మళ్లించాలి అన్న లెక్కలు అక్కడ నేర్పుతారు. పాలమూరు ఎర్రచెల్కల్లో పుట్టినవాడికి ఆ లెక్కల విలువ వేరే చెప్పాలా!

వ్యవసాయ విశ్వవిద్యాలయం పేరు వచ్చింది గనుక రైతు కోటా గురించి కూడా చెప్పాలి. బీఎస్సీ అగ్రికల్చర్ వంటి కోర్సుల్లో 40 శాతం సీట్లు రైతుల పిల్లలకు ఉంచే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. తల్లిదండ్రుల పేర కనీసం ఎకరం సాగుభూమి ఉండాలి. పిల్లలు కనీసం నాలుగేళ్లు పల్లె బడిలో చదివి ఉండాలి. ఎకరం అమ్మి ఫీజు కట్టే రైతు పిల్లవాడి కోటాను కూడా ఆ ఎకరంతో పాటే అమ్ముకున్నట్టు అవుతుందని చాలామందికి తెలియదు. భూమి లేని కూలీ కుటుంబాలవారు ఆ ఏటి ప్రకటనలో తమకు వాటా ఏమన్నా పెట్టారేమో తప్పక చూసుకోవాలి. నిబంధనలు ఏటేటా కొంత మారుతుంటాయి.

దగ్గరి కాలేజీలోనే ఉంది దారి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ర్యాంకు వస్తేనే. రాకపోతే ఏమిటి? సాధారణ బీఎస్సీ ఉంది. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయన శాస్త్రం కలిపి బీజెడ్‌సీ అంటాం కదా, అదే. దీన్ని ఎందుకూ పనికిరానివాళ్లు చదివే చదువని మన ఊళ్లలో చిన్నచూపు చూస్తారు. ఆ చిన్నచూపుకు ఆధారం లేదు.

దేశంలో అటవీ ఉద్యోగాలన్నిటికీ పైన ఉండేది ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్. ఆ పరీక్ష రాయడానికి ఫారెస్ట్రీ పట్టానే ఉండాలని లేదు. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయన, భౌతిక, భూగర్భ శాస్త్రాలు, గణితం, సంఖ్యాశాస్త్రం, పశువైద్యం, ఇవేవైనా డిగ్రీలో ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు. అగ్రికల్చర్, ఫారెస్ట్రీ, ఇంజనీరింగ్ డిగ్రీలవారూ రాయవచ్చు. అంటే మహబూబ్‌నగర్ ఎంవీఎస్ ప్రభుత్వ కాలేజీలో బీజెడ్‌సీ చదివిన అమ్మాయి, లక్షలు పోసి ప్రైవేటులో ఫారెస్ట్రీ చదివిన అబ్బాయి అదే హాలులో పక్కపక్కన కూర్చుని అదే పేపరు రాస్తారు. రాష్ట్ర రేంజ్ ఆఫీసర్ పోస్టులకూ దాదాపు ఇదే తీరు. బీట్ ఆఫీసర్ పోస్టుకు 2017 నాటి ప్రకటనలో అడిగింది ఇంటరే.

ఫారెస్ట్ సర్వీస్ మెయిన్స్‌లో రెండు ఐచ్ఛిక సబ్జెక్టులు ఎంచుకోవాలి. వృక్షశాస్త్రం తీసుకున్నవారు దానికి జోడీగా ఫారెస్ట్రీ కూడా తీసుకోవచ్చు. అగ్రికల్చర్ తీసుకున్నవారికి మాత్రం ఫారెస్ట్రీ ఇవ్వరు. ఈ ఒక్క విషయంలో బీజెడ్‌సీ వాడే అగ్రికల్చర్ వాడికన్నా మెరుగు! జవాబులు మాత్రం ఇంగ్లీషులో రాయాలి. మన పిల్లలు తడబడేది ఇక్కడే. కాబట్టి డిగ్రీ మొదటి ఏడాది నుంచే రోజుకో పేజీ ఇంగ్లీషులో రాయడం అలవాటు చేసుకోవాలి.

ఇంకో సంగతి. మగవాళ్లు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 14 కిలోమీటర్లు నడవాలని ఆ సర్వీసులో నియమం ఉంది. పట్నం పిల్లలు దీనికి నెలల తరబడి శిక్షణ తీసుకుంటారు. గొర్రెల వెంట తిరిగిన మనవాళ్లకు ఇదేమంత లెక్క కాదనుకోండి. అయినా సాధన చేయాల్సిందే.

ఉద్యోగాల సంఖ్య దాచడం మంచిది కాదు. 2017లో మన రాష్ట్రంలో బీట్ ఆఫీసర్లు 1,857, సెక్షన్ ఆఫీసర్లు 90, రేంజ్ ఆఫీసర్లు 67 పోస్టులకు ప్రకటన ఇచ్చారు. అలాంటిది ఏటా రాదు. కనుక ఒక్క అటవీ శాఖనే నమ్ముకుని ఏళ్ల తరబడి కోచింగులకు ధార పోయవద్దు. బీజెడ్‌సీ చేతిలో ఉంటే బీఈడీ చేసి బడిపంతులు కావచ్చు, ఎమ్మెస్సీకి వెళ్లవచ్చు, వాటర్‌షెడ్ పనులు చేసే సంస్థల్లో చేరవచ్చు. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి మిగులుతుంది. డబ్బు లేని ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

అయితే బీజెడ్‌సీని గైడు చదివి గట్టెక్కే చదువుగా చేస్తే ఫలితం ఉండదు. ఊరి పిల్లవాడికి తునికి, నల్లమద్ది, చిరుమాను, ఏగిస చెట్లను తాత చూపించే ఉంటాడు. పట్నం పిల్లలకు లేని ఆస్తి అది. పరీక్షలో మాత్రం తునికిని డయాస్పైరాస్ మెలనోజైలాన్ అనీ, టేకును టెక్టోనా గ్రాండిస్ అనీ రాయాలి. ఊరి పేరు పక్కన శాస్త్రం పేరు రాసుకుంటూ, ఆకును పాత పేపర్ల మధ్య ఆరబెట్టి అట్టకు అంటించి, ఎప్పుడు పూసింది, ఎప్పుడు కాసింది అని తేదీ వేసుకుంటూ పోతే మూడేళ్లకు రెండు వందల చెట్ల పుస్తకం తయారవుతుంది. ఎమ్మెస్సీ ఇంటర్వ్యూలో ఆ పుస్తకం బల్ల మీద పెడితే అడిగేవాళ్ల చూపే మారుతుంది.

ఎమ్మెస్సీ విషయానికొస్తే, ఉస్మానియాలో పర్యావరణ శాస్త్రం ఉంది. కేంద్ర విశ్వవిద్యాలయమైన పాండిచ్చేరిలో జీవావరణ శాస్త్రానికి మంచి పేరుంది. డెహ్రాడూన్‌లో అటవీ పరిశోధన సంస్థ, వన్యప్రాణి సంస్థ రెండూ ఎమ్మెస్సీ నడుపుతాయి. అన్నిటికీ ప్రవేశ పరీక్షలున్నాయి. అదంతా డిగ్రీ చివరి ఏడాది ఆలోచించుకునే మాట.

ఫీజు కాదు, తిండి ఖర్చు చూడండి

తల్లిదండ్రులు ఎప్పుడూ ఫీజు ఎంత అనే అడుగుతారు. సర్కారు డిగ్రీ కాలేజీలో ఫీజు స్వల్పం. అసలు ఖర్చు గది అద్దె, తిండి. నెలకు నాలుగు వేలు అనుకున్నా, పది నెలలకు 40 వేలు, మూడేళ్లకు లక్షా ఇరవై వేలు. అదే సంక్షేమ హాస్టల్లో సీటు దొరికితే ఈ లక్షా ఇరవై వేలూ మిగిలినట్టే. హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ వరకు చదివేవారి మెస్ చార్జీలను 2024లో నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలకు పెంచారు. ఆడపిల్లలకు ఇంకా మంచి అవకాశం ఉంది. సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ 2016లో 30 మహిళా డిగ్రీ కాలేజీలు తెరిచింది. గిరిజన సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీలూ ఉన్నాయి. చదువు, వసతి, భోజనం అన్నీ అక్కడే. మిగతా సర్కారు కాలేజీలకు దోస్త్ ద్వారా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందిగా, ప్రైవేటులో చేరితే ఏమవుతుంది అంటారు కొందరు. ఆ డబ్బు సకాలంలో రాక ఏళ్లు పడుతున్న సందర్భాలు అందరికీ తెలిసినవే. కాలేజీవాళ్లు పిల్లవాడి సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటారు. బకాయి మీరు కట్టి తీసుకెళ్లండి అంటారు. ఫీజు తక్కువున్న సర్కారు కాలేజీలో అయితే ఆ డబ్బు ఆలస్యమైనా ఇల్లు తట్టుకోగలదు. మేనేజ్‌మెంట్ సీటుకు, స్పాట్ అడ్మిషన్‌కు రీయింబర్స్‌మెంట్ రాదు. ప్రైవేటు విశ్వవిద్యాలయమైతే వర్తిస్తుందో లేదో కాగితం మీద రాయించుకోండి. నోటిమాట నమ్మవద్దు. వ్యవసాయం, ఫారెస్ట్రీ కోర్సులకైతే ఐసీఏఆర్ గుర్తింపు ఉందా అని కూడా అడగాలి. ఆ ప్రశ్న వేయగానే ఫోన్ పెట్టేసేవాళ్లు ఉంటారు, చూడండి!

ఇంటర్‌లో బోర్డు మొత్తం మీద పైన ఉన్న 20 శాతంలో నిలిచి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షలు దాటనివారికి కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఒకటుంది. డిగ్రీలో మూడేళ్లు ఏడాదికి 12 వేలు, పీజీలో 20 వేలు ఇస్తారు. దీనికి పోటీ ఉంటుంది, అయినా దరఖాస్తుకు ఖర్చేమీ లేదు.

అప్పు తప్పని పరిస్థితి వస్తే షావుకారు దగ్గరకు పరుగెత్తవద్దు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. లక్షకు నెలకు రెండు వేలు వడ్డీకే పోతుంది. బ్యాంకు విద్యా రుణంలో నాలుగు లక్షల వరకు భూమి తాకట్టు అడగకూడదన్నది నియమం. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకు చదువు కాలంలో వడ్డీ రాయితీ కూడా ఉంది. అది ఏయే కాలేజీలకు వర్తిస్తుందో బ్యాంకు మేనేజరును ముందే అడగాలి.

కాగితాల పని ఫలితాలు రాకముందే మొదలుపెట్టాలి. కుల, ఆదాయ ధ్రువీకరణలు మీసేవలో తీసుకోండి. ఆదాయ పత్రం పాతదైతే చెల్లదు. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏ బడిలో ఎన్నేళ్లు చదివారో చూపే స్టడీ సర్టిఫికెట్లు ఆయా బడుల నుంచే తేవాలి. రైతు కోటా అడిగేవారు పాస్ పుస్తకం నకలు జోడించాలి. పిల్లవాడి పేరు ఆధార్‌లో, పదో తరగతి మెమోలో ఒకేలా ఉందో లేదో ఇవాళే పోల్చి చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆగిపోవచ్చు. బ్యాంకు ఖాతా పిల్లవాడి పేరనే ఉండి ఆధార్‌తో ముడిపడి ఉండాలి. చేరాక హాజరు 75 శాతం తగ్గితే ఉపకార వేతనం నిలిపేస్తారు. పత్తి ఏరే రోజుల్లో పిల్లవాడిని ఇంటికి పిలిపించుకునే తల్లిదండ్రులు ఈ లెక్క చూసుకుని పిలవాలి.