రెండున్నర సెకన్ల ఆలస్యం

చి. స్వాతికి,

లేదమ్మా, నీ కోడ్‌లో తప్పు లేదు. హీటర్ పెంచగానే మోడల్‌లో ఉష్ణోగ్రత ముందు కాస్త దిగి ఆ తర్వాత ఎక్కుతోందంటే, అది గొట్టంలోని ఆలస్యాన్ని భిన్నంగా రాయడానికి నువ్వు వాడిన పాడే అప్రాక్సిమేషన్ చలవ. ఆ భిన్నంలో లవం చూడు, మైనస్ గుర్తు కనిపిస్తుంది. నీళ్ళు వేడిచేస్తే చల్లబడతాయా అని నీకు అనుమానం రావడం బాగుంది. అనుమానం వచ్చాక కూడా ఆ మోడల్ మీదే కంట్రోలర్ కట్టేశావు చూడు, అందుకు మాత్రం చీవాట్లే.

శాంప్లింగ్ ఎలాగూ చేస్తున్నప్పుడు ఇక్కడ ఉజ్జాయింపు ఎందుకు? ఈ విషయంలో నాది మొండిపట్టే అనుకో. నిరంతర కాలంలో ఆలస్యం నిజంగానే కష్టం. గొట్టం పొడవునా ప్రతి బిందువు దగ్గరి ఉష్ణోగ్రతా స్టేటే, దానికి అంతులేదు. కానీ నీ కంప్యూటర్ సెకనుకోసారి కమాండ్ మార్చి, మధ్యలో దాన్ని కదలనివ్వదు. అలాంటప్పుడు పాత కమాండ్లు రెండు మూడు దాచుకుంటే చాలు, లెక్క ఖచ్చితంగా వస్తుంది.

నీ గొట్టం 5 మీటర్లు, నీటి వేగం సెకనుకు 2 మీటర్లు, ఆలస్యం 2.5 సెకన్లు. ట్యాంకు టైమ్ కాన్‌స్టెంట్ 10 సెకన్లు, గెయిన్ 1. ఏ సెకను తీసుకున్నా, మొదటి సగంలో మూడు శాంపిళ్ళ కిందటి కమాండ్, రెండో సగంలో రెండు శాంపిళ్ళ కిందటిది పనిచేస్తాయి. కాబట్టి:

తర్వాతి ఉష్ణోగ్రత = 0.9048 × ఇప్పటి ఉష్ణోగ్రత + 0.0488 × రెండు శాంపిళ్ళ కిందటి కమాండ్ + 0.0464 × మూడు శాంపిళ్ళ కిందటి కమాండ్.

మూడు అంకెలూ కూడితే 1 రావాలి, వస్తోంది.

ఇక ‘2.5ను 3 చేసేస్తే పోదా బాబాయ్’ అన్నావు. అక్కడే నాకు ఒళ్ళు మండింది. పంపు కాస్త నెమ్మదించి ఆలస్యం 2.7 అయిందనుకో. ఆ రెండు గుణకాలూ 0.0296, 0.0656 అవుతాయి. పాత కమాండ్‌దే పైచేయి, మోడల్ జీరో −2.2 దగ్గరికి, అంటే యూనిట్ సర్కిల్ బయటికి పోతుంది. నీ డెడ్‌బీట్ కంట్రోలర్ దాన్ని కొట్టేయబోతుంది. శాంపిల్ క్షణాల్లో ఉష్ణోగ్రత బుద్ధిగానే కనిపిస్తుంది. హీటర్ కమాండ్ మాత్రం సెకనుకోసారి గుర్తు మారుస్తూ రెండింతలకు పైగా పెరిగిపోతుంది. ఆలస్యం 3 అని రాసుకుంటే కాగితం మీద ఆ జీరోయే ఉండదు, ప్లాంటులో మాత్రం ఉంటుంది. 2.5 దగ్గరైనా అది −0.95, అంచు మీదే ఉన్నావు. శాంప్లింగ్ వ్యవధి మార్చు, లేదా ఆ జీరోని కొట్టేయని డిజైన్ ఎంచుకో.

ఇదంతా ఆలస్యం ఇన్‌పుట్‌లోనో అవుట్‌పుట్‌లోనో ఉంటేనే. వేడినీళ్ళు తిరిగి ట్యాంకులోకే వచ్చే రీసైకిల్ లైన్ ఉంటే ఇంత ఖచ్చితంగా కుదరదు. 1957 నాటి స్మిత్ ప్రిడిక్టర్ సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను. ఈలోగా ఆస్ట్రోమ్, విటెన్‌మార్క్‌ల పుస్తకంలో ఆలస్యాల భాగం చదువు. ఈసారి ఉష్ణోగ్రత గ్రాఫ్ ఒక్కటే పంపితే చూడను, హీటర్ కమాండ్‌ది కూడా పంపు.

నీ బాబాయి