విడుదల చాలునా?

పాఠ్యభాగము: అపొ. కార్యములు 16:19–40

ఈ అధ్యాయము చదువునప్పుడెల్ల మనము భూకంపమునొద్దను, చెరసాల నాయకుని రక్షణయొద్దను నిలిచిపోవుదుము. మరునాటి ఉదయమున జరిగిన సంగతి 35వ వచనము మొదలుకొని యున్నది. పౌలు సీలలను వదలివేయుడని అధికారులు కబురంపిరి. పౌలు లేచి పోలేదు. విచారణ లేకయే తమ్మును జనులయెదుట కొట్టించినవారు ఇప్పుడు గుట్టుగా సాగనంపుట తగదనియు, వారే వచ్చి వెలుపలికి తీసికొని పోవలెననియు పట్టుపట్టెను. వారు భయపడి వచ్చిరి, బతిమాలుకొనిరి.

ఇది పంతము కాదు. అవమానము సంతవీధిలో జరిగెను. దొడ్డిదారిని విడిపించినయెడల ఆ వీధిలో చూచినవారందరికి వారు నేరస్థులుగానే మిగులుదురు. ఆ పట్టణములో క్రొత్తగా నమ్మినవారికిని ఆ నింద అంటుకొనును.

మన ప్రక్క జిల్లాలో జరిగిన సంగతి మీరెరుగుదురు. 2007 డిసెంబరు 27న ఇబ్రహీంపట్నములోని యొక స్త్రీల హాస్టలులో ఫార్మసీ చదువుచున్న అమ్మాయి హత్య చేయబడెను. 2008 ఆగస్టులో నందిగామ ప్రాంతమునకు చెందిన సత్యంబాబు అను బీద యువకుని పోలీసులు పట్టుకొనిరి. 2010 సెప్టెంబరులో విజయవాడ కోర్టు అతనికి శిక్ష విధించెను. కూతురిని పోగొట్టుకొన్న తల్లిదండ్రులే, ఈ కుర్రవాడు నిర్దోషియని చెప్పుచు వచ్చిరి. నిర్బంధములో నుండగా నరముల జబ్బుచేత అతని కాళ్లు చచ్చుబడెను. తుదకు 2017 మార్చి 31న హైదరాబాదులోని హైకోర్టు శిక్షను కొట్టివేసి, అతనికి లక్ష రూపాయలు చెల్లింపుడనియు, దర్యాప్తు చేసిన పోలీసు అధికారులపై చర్య తీసికొనుడనియు ఆజ్ఞాపించెను.

ఆ లక్షను ఎనిమిదిన్నర యేండ్లకు పంచి చూడుడి. దినమునకు సుమారు 32 రూపాయలు. మన నల్లపాడు చేలలో మిరపకాయలు కోయు స్త్రీ ఒక పూటకైనను ఆ కూలికి రాదు. మరియు నష్టము అతని యింటితో ఆగలేదు. కేసు మరల తెరువబడి సి.బి.ఐ. చేతికి వెళ్లెను. 2019 డిసెంబరులో ఆ బిడ్డ శరీరమును తెనాలిలో సమాధినుండి వెలికితీసి పరీక్షించిరి. తప్పుగా ఒకని శిక్షించుటవలన ఆ తల్లిదండ్రులు రెండవమారు దుఃఖము ననుభవించిరి.

ఇట్టివారికి పరిహారము హక్కుగా నిచ్చు ప్రత్యేక చట్టము మన దేశములో నున్నదా? లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 399వ సెక్షను నిరాధారముగా నిర్బంధింపబడినవానికి పరిహారము చూపుచున్నది గాని, అది వెయ్యి రూపాయలకు మించరాదు! కాబట్టి రాజ్యాంగపు 21వ అధికరణమును ఆధారము చేసికొని హైకోర్టునో సుప్రీంకోర్టునో ఆశ్రయింపవలెను. బీహారులో రుదుల్ షా అనువాడు 1968లో నిర్దోషియని తీర్పు పొందియు 1982 వరకు జైలులోనే యుండెను. 1983లో సుప్రీంకోర్టు అతనికి మొత్తము 35 వేలు ఇప్పించెను. 1994లో అన్యాయముగా పట్టుబడిన శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు 2018లో 50 లక్షలు ఇప్పించెను. ఆయన చదువుకొన్నవాడు, ఇరువది నాలుగేండ్లు పోరాడగలిగెను. కూలివాడు ఎన్నేండ్లు పోరాడును? ఆ 2018లోనే లా కమిషను తన 277వ నివేదికలో, ఇట్టి కేసులకు ప్రత్యేక కోర్టులుండవలెననియు, సొమ్ముతోబాటు వైద్యము, ఉపాధి మొదలగు సహాయమును ఇయ్యవలెననియు సిఫారసు చేసెను. అది నేటికిని చట్టము కాలేదు.

అంతవరకు మన చేతిలో నున్నది చెప్పెదను. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము నిర్బంధములో నున్నవారికిని, స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా వకీలును ఇత్తురు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చును. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టవచ్చును. అప్పీలు గడువు దాటకముందే వెళ్లవలెను.

విడుదలైనవాడు ఊరికి వచ్చినప్పుడు తీర్పు నకలు తెప్పింపుడి. అతడు సమ్మతించినయెడల, నేరము మోపబడిన దినమున గుమిగూడిన ఆ రచ్చబండయొద్దనే, అదే జనులయెదుట, దానిని పెద్దగా చదివింపుడి.