ఢిల్లీ – టోక్యో: ఎన్ని గంటల ప్రయాణం?



ఒక విమానం ఢిల్లీలో రాత్రి 8 గంటలకు లేచి, మర్నాడు ఉదయం 7 గంటలకు జపాను రాజధాని టోక్యోలో దిగింది అనుకుందాం. తిరుగు విమానం టోక్యోలో పగలు 11.30కి లేచి, అదే రోజు సాయంత్రం 5 గంటలకు ఢిల్లీ చేరింది. అంటే పోవడానికి 11 గంటలు, రావడానికి ఐదున్నర గంటలేనా? కాదు. నిజానికి రావడానికే ఎక్కువసేపు పట్టింది! ఎలాగో చూద్దాం.

1. దూరం

గ్లోబు మీద ఢిల్లీ నుంచి టోక్యోకి దారం బిగువుగా పట్టండి. అదే దగ్గరి దారి. అది సుమారు 5,840 కి.మీ. కాని విమానాలు సరిగ్గా ఆ గీత మీదే పోవు. దారిలో టిబెట్ పీఠభూమి ఉంది. దాని సగటు ఎత్తు సుమారు 4,500 మీటర్లు. విమానం లోపల గాలి పీడనం పడిపోతే వెంటనే 3,000 మీటర్ల దాకా దిగాలి. కింద అంత ఎత్తు నేల ఉంటే దిగేదెక్కడ? అందుకే కొంచెం చుట్టు తిరుగుతాయి. మన లెక్కకు 6,000 కి.మీ. అనుకుందాం.

2. గడియారం

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే 1 డిగ్రీకి 4 నిమిషాలు. మన దేశపు టైము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది. జపాను టైము 135 డిగ్రీలది.

తేడా: 135 – 82½ = 52½ డిగ్రీలు
52½ × 4 = 210 నిమిషాలు = 3 గంటల 30 నిమిషాలు

తూర్పున సూర్యుడు ముందు పొడుస్తాడు కదా! కాబట్టి జపాను గడియారం మనకంటే ముందు ఉంటుంది.

టోక్యోలో ఉదయం 7 అంటే మనకు తెల్లవారుజామున 3.30. కనుక పోవడానికి పట్టింది 7 గంటల 30 నిమిషాలు. టోక్యోలో పగలు 11.30 అంటే మనకు ఉదయం 8. కనుక రావడానికి పట్టింది 9 గంటలు.

3. గాలి

దూరం దాదాపు ఒకటే. మరి గంటన్నర తేడా ఎందుకు? సుమారు 10 కి.మీ. ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వేగంగా గాలి వీస్తుంది. దాన్ని జెట్ ప్రవాహం అంటారు. వాగులో ఈదేటప్పుడు నీటి వాలున పోవడం తేలిక, ఎదురీదడం కష్టం. ఇదీ అంతే.

విమానం వేగం గంటకు 850 కి.మీ., గాలి వేగం 100 కి.మీ. అనుకోండి.

పోయేటప్పుడు: 6,000 ÷ 950 = సుమారు 6.3 గంటలు
వచ్చేటప్పుడు: 6,000 ÷ 750 = 8 గంటలు

పైకి లేవడానికి, కిందికి దిగడానికి ఇంకో గంట కలపండి. ఇంచుమించు సరిపోయింది కదా! చలికాలంలో జపాను మీద ఈ గాలి 300 కి.మీ. కూడా దాటుతుంది.

ఈ గాలిని 1920లలో బెలూన్లు ఎగరేసి కొలిచినవాడు వసబురో ఓయిషి అనే జపాను శాస్త్రవేత్త. అన్ని దేశాలవాళ్లకూ అందాలని ఎస్పరాంటో భాషలో 1926లో అచ్చువేశాడు. కాని ఆ భాష వచ్చినవాళ్లు తక్కువ, చదివినవాళ్లూ తక్కువే. 1944లో టోక్యో మీదికి వచ్చిన అమెరికా బాంబర్లకు ఇదే గాలి అడ్డు తగిలింది.

ఆలోచించండి: సింగపూరు గడియారం మనకంటే 2 గంటల 30 నిమిషాలు ముందు. హైదరాబాదులో రాత్రి 11కి లేచిన విమానం 4 గంటల 30 నిమిషాలు ఎగిరితే, అక్కడ ఎన్నింటికి దిగుతుంది? లెక్క చేసి చూపించండి. ఉత్త జవాబు చాలదు!