ఆటే తొలిపాఠం

మూడేళ్ళ పసివాడు పలక పట్టి కూర్చుంటే బుద్ధిమంతుడని పెద్దలు మురిసిపోతారు. వాడే చింతగింజలు పోగుచేసుకొని ఆడుకుంటే కాలం వృథా చేస్తున్నాడని మందలిస్తారు. ఆ గింజల నడుమ ఎంత విద్య దాగి ఉందో గమనించేవారు అరుదు.

తెలుగువారి వామనగుంటలాటే ఇందుకు నిదర్శనం. పీటపై రెండు వరుసలలో ఏడేసి చొప్పున 14 గుంటలుంటాయి. ఒక గుంటలోని గింజలను తీసి, తరువాతి గుంటలలో ఒక్కొక్కటిగా పంచుతూ పోవాలి. చేతిలోని గింజలు ఎక్కడ ముగుస్తాయో ముందే ఊహించగలిగితే గెలుపు సులభమవుతుంది. లెక్కింపు, జ్ఞాపకశక్తి, ముందుచూపు ఈ ఆటలో ఏ బలవంతమూ లేకుండా అలవడతాయి. బొమ్మలపెళ్ళిలో వియ్యపురాలిగా మాట్లాడే బాలిక సంభాషణ నేర్పునూ, ఎదుటివారి మనసెరిగే గుణాన్నీ అలవరచుకొంటుంది.

దాగుడుమూతలలో కళ్ళు మూసుకున్న బాలుడికి తొంగిచూడాలనే ఉబలాటం ఉంటుంది. అయినా ఆట నియమం వాడిని ఆపుతుంది. క్రీడలో శిశువు స్వేచ్ఛగానే నియమానికి లోబడి, తన ఆవేశాన్ని అదుపు చేసుకోవడం నేర్చుకుంటాడని రష్యా మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ వివరించాడు. ఓటమిని సహించడం, అలిగిన చెలికాడితో మళ్ళీ చేయి కలపడం కూడా పిల్లలకు అబ్బేది ఆటస్థలంలోనే.

ఈ సత్యాన్ని గుర్తించిన ఫ్రోబెల్ 1837లో జర్మనీలో ఆటపాటల విద్యాలయాన్ని నెలకొల్పాడు. దానికే తరువాత ‘పిల్లల తోట’ అనే అర్థంగల కిండర్‌గార్టెన్ అన్న పేరు స్థిరపడింది. మన దేశంలో న్యాయవాద వృత్తిని విడిచిన గిజుభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరాన్ని స్థాపించి, కథలతో, ఆటలతో చదువు చెప్పాడు. ప్రజలు ఆయనను ‘మీసాల తల్లి’ అని ఆప్యాయంగా పిలుచుకున్నారు.

ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక, 31వ అధికరణంలో ఆటను బాలల హక్కుగా ప్రకటించింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం సైతం మూడు నుండి ఎనిమిదేళ్ళ పిల్లలకు ఆటల ద్వారానే విద్య నేర్పాలని సూచించింది. అయినా పోటీ భయంతో తల్లిదండ్రులు పసివారి సాయంత్రాలను ట్యూషన్లకు అప్పగిస్తున్నారు.

అక్షరాలు అక్కరలేదని ఎవరూ అనరు. కాని నారు వేళ్ళూనక ముందే కంకికోసం తొందరపడే రైతు ఉండడు. అక్షరం ఒక ఏడాది ఆలస్యంగానైనా వస్తుంది. చేజారిన బాల్యం మాత్రం మరలి రాదు.