మీటింగుకెళ్లొచ్చిన ముచ్చట

మీటింగుకి వెళ్లాలనుకున్న ఆడది మధ్యాహ్నం నుంచే మంచినీళ్లు తాగడం మానేస్తుంది. మైకులో మాట్లాడే పెద్దమనుషుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో గానీ, మన ఆడవాళ్లలో తెలియనివాళ్లుండరు. సాయంత్రం నాలుగింటికి సభ అంటారు. రెండింటికే బస్సెక్కిస్తారు. నాయకుడొచ్చేసరికి ఏ ఏడో ఎనిమిదో అవుతుంది. ఇల్లు చేరేదెప్పుడో ఆ దేవుడికే ఎరుక. అంత జనంలో అన్ని గంటలు కూర్చుంటే మధ్యలో ఎక్కడికని వెళ్తాం? మజ్జిగ ప్యాకెట్లు పంచుతారు. నోరు పిడచగట్టుకుపోతున్నా చేతిలో పట్టుకుని కూర్చుంటాం, తాగం. వేదిక వెనకాల నాయకుల కోసం ఏసీ గది లేపిన చేతులకి ఆడవాళ్ల కోసం నాలుగు రేకులు అడ్డంపెట్టి ఓ మరుగు కట్టాలని తోచదేమో. ఈమధ్య కొన్నిచోట్ల మొబైల్ టాయిలెట్లు పెడుతున్నారు, కాదనను. అయితే అవి మగవాళ్ల గ్యాలరీలన్నీ దాటుకుని అవతలెక్కడో ఉంటాయి.

అయినా వెళ్తాం చూశారూ, అదీ ముచ్చట!

ఇంత అవస్థ ఎందుకమ్మా, ఫోన్లో లైవ్ వస్తుంది కదా, ఫ్యాను కింద కూర్చుని చూడు అంటాడు మావాడు. నాయకుడి మాటల వరకూ అయితే వాడన్నది నిజమే. ఫోన్లో మాట తేటగా వినిపిస్తుంది, మొహం కూడా దగ్గరగా కనిపిస్తుంది. మైదానంలో మనకి కనిపించేది ముందు కూర్చున్నావిడ కొప్పూ, జెండా కర్రలూను. కానీ ఫోన్లో పక్కన కూర్చునేవాళ్లు ఉండరు కదర్రా. నేను వెళ్లేదే వాళ్ల కోసం.

ఈ పిచ్చి నాకు ఎప్పుడు పట్టుకుందో చెబుతాను. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. 1982వ సంవత్సరం. ఆ ఏడు మార్చి 29న సినిమా హీరో ఎన్టీ రామారావుగారు హైదరాబాదులో తెలుగుదేశం పార్టీ పెట్టారు. 1978 ఎన్నికల నుంచి 1983 ఎన్నికల లోపు మన రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులు మారారు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఢిల్లీ నుంచి కబురొస్తే ఒకాయన దిగడం, ఇంకొకాయన ఎక్కడం. రచ్చబండ దగ్గర మగాళ్లు ఇదే చెప్పుకుని పళ్లు నూరేవాళ్లు. అలాంటప్పుడు ఆయన పాత షెవర్లే వ్యానుని బాగు చేయించి, దానికి చైతన్యరథం అని పేరు పెట్టి, ఖాకీ బట్టలేసుకుని ఊళ్ల మీద పడ్డారు. కొడుకు హరికృష్ణ డ్రైవింగు. రోడ్డు పక్కనే స్నానం, రోడ్డు పక్కనే తిండి అని పేపర్లో ఫొటోలు పడితే మా ఇంట్లో కత్తిరించి దాచుకున్నారు.

మాది కృష్ణా జిల్లాలో ఓ మోస్తరు ఊరు. నాకు కొత్తగా పెళ్లయింది. వీధరుగు మీద నిలబడితేనే మా అత్తగారు గుడ్లురిమి చూసేది. అలాంటి మనిషి ఆ రాత్రి కర్పూరం బిళ్లలు కొంగున ముడేసుకుని, హారతి పళ్లెం నా చేతికిచ్చి “పద, రాముడొస్తున్నాడట” అంది. ఆవిడ దృష్టిలో ఓటు సంగతి తర్వాత. ముందు దర్శనం.

కోతల రోజులు. చలి. ఎనిమిదింటికి వస్తాడన్న రథం పదింటికీ రాలేదు, పన్నెండింటికీ రాలేదు. ఇప్పుడైతే రాత్రి పదయితే మైకు కట్టేయాల్సిందే, ఎన్నికల సంఘం ఊరుకోదు. అప్పుడా పట్టింపు లేదు. సెంటర్లో ఎవరో రెండు మోపుల వరిగడ్డి తెచ్చి పరిచారు. మగాళ్లు టీకొట్ల చుట్టూ, ఆడవాళ్లం గడ్డి మీద. మా పక్కనే మా చేలో నాట్లకీ కోతలకీ వచ్చే ముఠా మేస్త్రి, ఆమెతో పాటు వాళ్ల పేట ఆడవాళ్లు ఓ పది మంది. మొదట మా అత్తగారికీ ఆమెకీ మధ్య ఓ మనిషి పట్టేంత ఎడం ఉంది. ఎందుకుందో నేను చెప్పనక్కర్లేదు, ఆ రోజుల ఊళ్లు తెలిసినవాళ్లకి తెలుసు. మంచు దిగే కొద్దీ ఆ ఎడం తగ్గుతూ వచ్చింది. ఒంటిగంట దాటాక మా అత్తగారి దుప్పటి కొస ఆమె మోకాళ్ల మీద ఉంది. ఎవరు కప్పారో, ఎవరు లాక్కున్నారో నేను చూళ్లేదు.

ఏం మాట్లాడుకున్నారనుకున్నారు? ముందంతా సినిమాలే. టూరింగు టాకీసులో ఏ సినిమాకి ఎవరెవరు ఏడ్చారో. ఆ తర్వాత మేస్త్రి, ఆయన ఇస్తానన్న రెండు రూపాయలకి కిలో బియ్యం మాట ఎత్తింది. ఒక రోజు కూలికి ఎన్ని కిలోలొస్తాయో, ఇంట్లో తినే నోళ్లు ఎన్నో వేళ్ల కణుపుల మీద లెక్కేసి చెప్పింది. పనుల్లేని నెలల్లో వాళ్లింట పూటకి ఏం వండుతారో, ఏ రోజున పొయ్యి వెలగదో అదంతా లెక్కలో భాగంగానే చెప్పింది, ఏడుస్తూ కాదు. ఏళ్ల తరబడి మా చేలో వంగి నాట్లేసిన మనిషి ఇంటి లెక్క మా అత్తగారు వినడం అదే మొదలు. మధ్యలో ఓసారి “మరి చెప్పవేమే ఎప్పుడూ?” అంది. “అడిగితేగా అమ్మగారూ” అంది ఆమె. కాసేపు ఇద్దరూ రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నారు.

రథం వచ్చేసరికి కోళ్లు కూశాయి. మంచుకి కర్పూరం మెత్తబడి ఓ పట్టాన అంటుకోలేదు. మేస్త్రే అగ్గిపెట్టె అడిగి తెచ్చి వెలిగించింది. ఆయన పైకెక్కి చెయ్యెత్తారు. ఆడపడుచులు అన్నారు. ఆ మాటకి మా వెనక ముసలమ్మలు గొల్లున ఏడ్చారు. ఇంకేం మాట్లాడారో, నిజం చెబుతున్నా, నాకొక్క ముక్క గుర్తు లేదు. గడ్డి మీద విన్న లెక్క మాత్రం ఇప్పటికీ అప్పజెప్పగలను.

మర్నాడు మేస్త్రి మామూలుగానే మా పెరటి గుమ్మం దగ్గరే నిలబడింది, లోపలికి రాలేదు, మావాళ్లు రమ్మనలేదు. ఒక్క మీటింగుతో లోకం మారిపోతుందని నేను చెబితే మీరు నమ్మకండి. కోత కూలి దగ్గర మాత్రం మా అత్తగారు ఆ ఏడు గీసి గీసి బేరమాడలేదు. అది రథం మహిమో, పంట బాగా పండటమో చెప్పలేను.

1983 జనవరి 5న ఓట్లు పడ్డాయి. 294 సీట్లలో రెండు వందలకు పైగా ఆయనవే. 9వ తారీఖున లాల్‌బహదూర్ స్టేడియంలో జనం మధ్యనే ప్రమాణం చేశారు. ఆ ఏడే తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా అన్న చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి మనకి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ అది 2005లో గానీ రాలేదు. ఇంత ముందొచ్చిన హక్కుని పసుపు కుంకాలకో చీరకో వదిలేసి అన్నదమ్ములకి సంతకాలు పెట్టి వచ్చినవాళ్లు మనలో ఎంతమందో! అది ఇంకో వారం ముచ్చట. ఇప్పుడెత్తితే తెల్లారుతుంది.

పదేళ్లు తిరిగేసరికి సభల్లో ఆడవాళ్ల వాలకమే మారిపోయింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రేగిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో ఊరూరా పాకింది. సారా దుకాణాల ముందు చీపుళ్లతో నిలబడిన ఆడవాళ్లే 1994 ఎన్నికల సభలకీ వచ్చారు. హారతి పళ్లేలు లేవని కాదు. కానీ వాళ్లు వచ్చింది హీరోని చూడ్డానికి కాదు, మద్యం ఆపుతావా లేదా అన్న ఒక్క ముక్క తేల్చుకోవడానికి. ఆ డిసెంబరు 12న ప్రమాణం చేసిన వేదిక మీదే రామారావుగారు మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1997లో ఆ నిషేధం ఎత్తేశారనుకోండి. అయినా వేదిక మీద ఆ సంతకం పెట్టించింది కింద నిలబడ్డవాళ్లేనని నా లెక్క.

ఇక ఇప్పటి సంగతి. 2024 ఎండాకాలం. మే 13న పోలింగు, అంతకు ముందు నెలంతా మాడుపగిలే ఎండలో సభలు. నేనూ ఒకదానికి వెళ్లాను. ఏ పార్టీదని అడక్కండి, చెప్పను. మా వీధి డ్వాక్రా గ్రూపు లీడరు ముందురోజు ఫోన్ చేసింది. బస్సుంది పిన్నీ, పొట్లం ఇస్తారు పిన్నీ అని. ఊరికే వచ్చేవాళ్లెవరో, చేతిలో ఏదో పడితే వచ్చేవాళ్లెవరో ఆమెకి తెలుసు, నాకూ తెలుసు. డబ్బు తీసుకుని వచ్చారని ఈ ఆడవాళ్లని ఈసడించుకునేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఆ పూట కూలి పోగొట్టుకునేదెవరు? ఇచ్చేవాణ్ణి వదిలేసి పుచ్చుకున్నవాళ్ల మీద పడటం ఏం న్యాయం? అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలకి మించి ఖర్చు పెట్టకూడదని రూలు. మనం కూర్చున్న కుర్చీకీ, తాగిన టీకీ కూడా జిల్లాలో అధికారులు రేట్లు కట్టి లెక్క రాస్తారు. అందులో ఎక్కని ఖర్చు మనమొక్కళ్లమే.

ఆ రోజు నా కుడిపక్క రొయ్యల ప్లాంటులో పనిచేసే అమ్మాయి కూర్చుంది. ఐసు నీళ్లలో రొయ్యలు వలిచీ వలిచీ వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయి, చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది. మజ్జిగ ప్యాకెట్టు కొస చింపబోతే ఆ వేళ్లకి పట్టు చిక్కలేదు. ఎడమపక్కావిడ రిటైరైన టీచరు. ఆ ప్యాకెట్టు తీసుకుని పంటితో చింపి ఇచ్చింది. అక్కణ్ణుంచి మాట కలిసింది. పిల్ల ఇంజనీరింగు ఫీజు డబ్బు పడలేదని, కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు ఆపారని ఆ అమ్మాయి చెప్పుకొచ్చింది. టీచరు హ్యాండుబ్యాగులోంచి పెన్ను తీసి, కరపత్రం వెనకాల ఏ ఆఫీసుకి వెళ్లాలో, అర్జీలో ఏమేం రాయాలో, ఏ కాగితాలు జతచేయాలో రాసిచ్చింది. వేదిక మీద అప్పుడే నాయకుడు చదువుల గురించే ఏదో గట్టిగా చెబుతున్నాడు. మా ముగ్గురిలో ఎవరం వినలేదు. కరపత్రం మీద ముందువైపు నవ్వుతున్న ఆయన మొహం, వెనకవైపు టీచరు గుండ్రటి చేతిరాత. ఆ అమ్మాయి దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. ఎన్నికలైపోయాక ఆమె నాకు ఫోన్ చేసింది, సర్టిఫికెట్లు చేతికొచ్చాయట. కాగితం టీచరు రాసింది, తిరిగింది ఆమె. పార్టీకి ఇందులో ఏం పుణ్యం దక్కుతుందో మీరే చెప్పండి.

ఇంతా చెప్పి, భయం సంగతి చెప్పకపోతే అక్కననిపించుకోను. 2022 డిసెంబరు 28న కందుకూరు రోడ్‌షోలో ఇరుకు దారిలో తొక్కిసలాట జరిగి 8 మంది పోయారు. నాలుగు రోజులకే, కొత్త సంవత్సరం నాడు, గుంటూరులో చీరల పంపిణీ దగ్గర ముగ్గురు ఆడవాళ్లు. 2025 సెప్టెంబరు 27న తమిళనాడు కరూరులో గంటల తరబడి ఎదురుచూసిన జనంలో 41 మంది, అందులో పసిపిల్లలు. కాబట్టి చంటిపిల్లల్ని తీసుకెళ్లొద్దు. నాయకుడి బండి వెనక పరుగులు వద్దు. బారికేడు పక్కన అసలే నిలబడొద్దు, తోపులాట వస్తే ముందు నలిగేది అక్కడే. వెనక వరసలో, రోడ్డుకి దగ్గరగా, బయటికెళ్లే దారి కనిపించేలా కూర్చోండి. కాళ్లకి పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. నీళ్లు తాగండి తల్లీ, తాగి ధైర్యంగా లేచి “ఆడవాళ్లకి బాత్రూం ఎక్కడయ్యా?” అని వాలంటీర్ల మొహం మీదే అడగండి. నలుగురు అడిగితే తర్వాతి సభకైనా నాలుగు రేకులు లేస్తాయి.

మొన్న ఓ చెల్లెలు ఉత్తరం రాసింది. పుట్టింటివాళ్లది ఒక పార్టీ, అత్తింటివాళ్లది ఇంకోటి అట. “మా పార్టీ సభ పక్క ఊళ్లోనే, వెళ్లాలని ఉందక్కా. మా ఆయన ఏమీ అనడు గానీ అత్తగారు వారం రోజులు మాట్లాడదు. ఏం చెయ్యమంటావు?” అని అడిగింది. వెళ్లమంటాను. చెప్పకుండా మాత్రం వద్దు. గడప దాటేముందు “అత్తయ్యా, మీటింగుకెళ్తున్నా, కూర వండి పెట్టాను” అని చెప్పే వెళ్లు. వచ్చాక నాయకుడు అన్న మాటలు ఎత్తకు, పోట్లాటవుతుంది. పక్కన ఎవరు కూర్చున్నారో, వాళ్లింటి సంగతులేంటో చెప్పు. అవి వినకుండా ఉండలేదు ఏ అత్తగారూ. ఈసారి ఆవిడ పార్టీ వాళ్లు మీ ఊళ్లో మీటింగు పెడితే ఆవిడ వెంట నువ్వూ వెళ్లు. గొడుగూ నీళ్ల సీసా పట్టుకుని పక్కన కూర్చో. కండువా కప్పబోతే మాత్రం వద్దులే అను.