జూలై చావులు మార్చిలోనే తేలిపోతాయి



న్యూజిలాండ్‌లోని సౌత్‌ల్యాండ్‌లో దుప్పుల ఫారంలో నీకు పని దొరికిందని మీ నాన్న చెప్పినప్పుడు ఇంట్లో అందరూ ముక్కున వేలేసుకున్నారు. వేసుకోరూ మరి! మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండగా జింకల్ని గొర్రెల్లా మంద కట్టి మాంసానికి పెంచడం కుదరదు. న్యూజిలాండ్ కథ వేరు. పందొమ్మిదో శతాబ్దంలో వేట సరదాకని వలస దొరలు తెచ్చి వదిలిన ఎర్రదుప్పులు అడవులను మేసేసి పీడగా తయారయ్యాయి. ప్రభుత్వమే జీతాలిచ్చి వాటిని కాల్పించింది. చివరకు 1969లో కంచె వేసి పెంచుకోవడానికి అనుమతి వచ్చింది. అంటే ఆవూ మేకా వేల ఏళ్లుగా మనిషి పంచన అలవరచుకున్న నిబ్బరం ఈ జంతువుకు ఇంకా రాలేదు. దుప్పి రోగాల సంగతి సగం ఈ బెదురులోనే ఉంది.

పిల్లలు అక్కడ నవంబరు, డిసెంబరుల్లో పుడతాయి. చాలామంది రైతులు మార్చి మొదట్లో తల్లుల నుంచి వేరు చేస్తారు. మూడు నెలల పిల్లకు ఒకేసారి తల్లి లేదు, పాలు లేవు, కొత్త దొడ్డి, కొత్త మేత, కుక్క అరుపులు. పైగా లారీ ప్రయాణం కూడా తోడైతే చెప్పక్కర్లేదు. తరవాత చలికాలం వస్తుంది. జూన్, జూలైల్లో పిల్లలు పారుకుని రాలిపోతుంటే కొత్తవాళ్లు చలిని తిట్టుకుంటారు. చాలా మందల్లో ఆ సంగతి మార్చిలోనే తేలిపోయి ఉంటుంది.

ఈ పారుడుకు కారణం యెర్సీనియా అనే బ్యాక్టీరియా. పిట్టలు, ఎలుకలు, కుందేళ్ల పేగుల్లో ఉంటుంది, వాటి రెట్టల ద్వారా గడ్డి మీదికీ నీళ్లలోకీ చేరుతుంది. ఫ్రిజ్‌లోని చలిలో కూడా పెరిగే రకం అది. చాలా పిల్లలు దాన్ని మింగి, ఏమీ కాకుండానే తట్టుకుంటాయి. ఆకలి, బెదురు, తడి, ఊపిరితిత్తుల పురుగులు కలిసి వాటి బలం తీసేసినప్పుడే అది తిరగబడుతుంది. ఆకుపచ్చగా, కంపు కొడుతూ నీళ్లలా పారుడు, కొన్నిటికి నెత్తురు కూడా. తోకా వెనక కాళ్లూ తడిసి మురికిగా కనిపిస్తాయి. కొన్ని పారకముందే చచ్చి పడుంటాయి. అందుకే ఉదయం మందను చూసేటప్పుడు ముఖాల కన్నా ముందు వెనక భాగాలు చూడాలి. ఒక్కటి కనిపించినా దాన్ని విడదీసి, ఆ రోజే పశువైద్యుణ్ణి పిలిపించాలి. మిగతా మందను ఆ పచ్చిక నుంచి తప్పించాలి.

డునెడిన్ దగ్గరి ఇన్వర్‌మే పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు దీనికి టీకా తయారు చేశారు. రెండు డోసులు, మధ్యలో మూడు నుంచి ఆరు వారాలు, చలి ముదరకముందే పూర్తి కావాలి. మొదటిది వేసి, పనుల తొందరలో రెండోది ఎగ్గొట్టే రైతులు ఏ దేశంలోనైనా ఉంటారు. టీకా వేసినా రోగం పూర్తిగా ఆగదు, కానీ చావులు బాగా తగ్గుతాయి. కడుపు నిండా మేత, గాలి తగలని చోటు, అరుపుల్లేని దొడ్డి మాత్రం ఏ సీసాలోనూ దొరకవు.

దొడ్డి విషయానికొస్తే, బురదే అసలు శత్రువు. తొట్టి చుట్టూ, గేటు దగ్గర దుప్పులు తొక్కి తొక్కి బురద చేస్తాయి. గిట్టల్లోనో నోట్లోనో చిన్న గాయం ఉంటే, పేగుల్లో ఉండే ఫ్యూసోబ్యాక్టీరియం ఆ దారిన దూరి కండను కుళ్లబెడుతుంది. ముళ్లూ గరుకు పుల్లలూ ఉన్న ఎండుగడ్డి కూడా నోరు కోస్తుంది. మేత నేల మీద పోయకుండా గాబుల్లో పెట్టడం, తొట్టి చుట్టూ కంకర పరవడం ఖర్చే. మందుల బిల్లు చూశాక ఆ ఖర్చు తక్కువేననిపిస్తుంది.

జోన్స్ వ్యాధి మరో రకం. మన గేదెల్లో అది పైకి తేలడానికి ఏళ్లు పడుతుంది. దుప్పుల్లో ఏడాది తిరగకుండానే మేత తింటూనే బక్కచిక్కిపోవడం కనిపించవచ్చు. నయం చేసే మందు లేదు. తల్లి కడుపులో ఉండగానే పిల్లకు అంటుకోవచ్చు కనుక, కొని తెచ్చే ఆడదుప్పి ఏ మందదో తెలియకపోతే కొనకపోవడమే మేలు. క్షయ కూడా అంతే. అక్కడ దాన్ని అడవిలో మోసేది ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన పోసమ్ అనే జంతువు. మంద ఎన్నేళ్లుగా క్షయ లేకుండా ఉందో రికార్డుల్లో రాసి ఉంటుంది. అమ్మేవాడి మాట కన్నా ఆ కాగితం ముందు చూడాలి.

ఒక్కటి మాత్రం నీ ఒంటికి సంబంధించింది. లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా దుప్పి మూత్రంలో వస్తుంది, చర్మం మీది గీతల్లోంచీ కళ్లలోంచీ మనిషికి ఎక్కుతుంది. మందకు టీకా ఉంది, అది ఎప్పుడు వేశారో యజమానిని సిగ్గుపడకుండా అడుగు. షెడ్డులో తినొద్దు, చేతి గాయాలకు కట్టు కట్టుకుని తొడుగులు వేసుకో. జ్వరమూ తలనొప్పీ ఒళ్లునొప్పులూ వస్తే ఫ్లూ అనుకుని పడుకోకు. డాక్టర్ దగ్గరికెళ్లి, దుప్పుల దగ్గర పని చేస్తున్నానని ఆయన అడగకముందే చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న